హిట్ పడ్డాక కూడా

రస్టిన్‌కి,

ఆదివారం మా ఎల్డన్‌కి కమ్యూనిటీ కాలేజీలో వీడ్కోలు విందు అనీ, కొత్త కోచ్‌గా నువ్వు నాలుగు మంచి మాటలు చెబుతావనీ రాశావు. సంతోషం. తన బేస్‌బాల్ జట్టులో నిన్ను బంతి వేసే పిచ్చర్‌ని చేసిందీ, తర్వాత అసిస్టెంటు కోచ్‌గా పక్కన కూర్చోబెట్టుకుందీ ఆయనే కదా.

పిచ్చర్ అవతలి బ్యాటర్లకి ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా ఆడుతుంటే బెంచీ మీద ఎవరూ నోరు విప్పకూడదనీ, విప్పితే దిష్టి తగులుతుందనీ మీకు నేర్పిందీ ఆయనే. ఆఖరి ఆటలో మీ పిచ్చర్ కుర్రాడు మాటెయో అలాగే బంతులు వేస్తున్నాడు. బెంచీ అంతా మౌనం. నువ్వయితే ఆ చివరకి పోయి కూర్చున్నావట. ఆరో ఇన్నింగ్స్‌లో హిట్ పడింది. ఇక మాట్లాడొచ్చు. అయినా ఎవరూ ఆయన మొహం చూడలేదు.

ఆట అయ్యాక కాలేజీ ఆటల డైరెక్టరు ఆయన్ని కార్ల దగ్గర ఆపి, ఇక కోచ్‌గా రానక్కర్లేదన్నాడు. ఆ బెంచీ మీదే జుట్టు నెరిసిన ఈ పిచ్చిమారాజు ఇంటికొచ్చి ఏమన్నాడో తెలుసా? "బంగారంలాంటి పిల్లలే! హిట్ పడ్డా, మాటెయో బాధపడతాడని ఒక్కడూ నోరెత్తలేదు. పాపం రస్టిన్, నా సంగతి తెలిస్తే ఏమైపోతాడో!"

నీకు ఉద్యోగం ఆ తర్వాతే ఇచ్చారనుకుంటున్నాడు. ఆ ఆటకి ముందు వారమే ఖాయమైందనీ, పిల్లలకి ఆ సంగతి చెప్పి నోళ్లు మూయించింది నువ్వేననీ మాటెయో వాళ్లమ్మ నాతో అంది. ఆయనకింకా చెప్పలేదు.

తప్పకుండా రా. ఆయన పక్క కుర్చీ నీకే ఉంచమన్నాను. నీ నాలుగు మాటలూ చెప్పు. ఐదోది నేను చెబుతాను.

ఎల్డన్ భార్య