తాళానికి రెండు చెవులు

చెల్లాయికి,

ఫోనులో చెబుదామనుకున్నాను. కానీ నువ్వు మధ్యలో నవ్వుతావు, నేను పెట్టేస్తాను, విషయం సగంలో ఉండిపోతుంది. అందుకని రాస్తున్నాను. చదివాక మీ ఆయనకి చూపించకు.

మన పిడుగు వచ్చే వారం కొట్టు తెరుస్తోంది. సైకిళ్ళు బాగుచేసే కొట్టు. నా కొడుకు కూతురు, నా ఒక్కగానొక్క మనవరాలు, చదువు ముగించి చేతులకి గ్రీజు పూసుకుంటానంది. నేను వద్దనలేదు. ఏ పనైనా శుభ్రంగా, వేళకి చేస్తే గౌరవమే. నా బాధ కొట్టు గురించి కాదు, ఆ రోజు ఇచ్చే కానుక గురించి. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, వాళ్ళ అమ్మమ్మ ఇవ్వబోయే కానుక గురించి.

మా వియ్యపురాలు నీకు తెలుసు కదా, బస్సు కండక్టరుగా చేసిన మనిషి. ఎక్కిన ప్రతివాళ్ళతోనూ చుట్టరికం కలిపేసే రకం. ఆవిడంటే నాకు కోపం లేదు. ఉన్నది అసూయ. బడిలో భాష చెప్పినదాన్ని, ఆ రెండు మాటలకీ తేడా నాకు తెలుసు.

పిడుగు పదో పుట్టినరోజుకి నేను నిఘంటువు ఇచ్చాను. గట్టి అట్ట, మంచి కాగితం, బతికినంత కాలం పనికొచ్చే వస్తువు. ఆవిడ ఏమిచ్చిందనుకున్నావు? నడవని గోడ గడియారం, ఒక స్క్రూడ్రైవరు. "విప్పేయవే తల్లీ, మళ్ళీ బిగించలేకపోయినా ఎవరూ ఏమీ అనరు" అంది. ఆ పిల్ల నా నిఘంటువు మీద కూర్చుని ఆ గడియారం విప్పింది. ఎత్తు సరిగ్గా సరిపోయిందట! ఇంకో ఏడు నేను మంచి చలికోటు కొన్నాను. ఎదిగే పిల్ల కదా అని ఒక సైజు పెద్దది తీసుకున్నాను. అది ఒంటికి సరిపోయే నాటికి దానికి ఆ రంగు మీద మోజు పోయింది. ఆవిడ ఇచ్చిన ఎర్ర మేజోళ్ళు మాత్రం చిల్లులు పడితే కుట్టుకుని, మళ్ళీ పడితే మళ్ళీ కుట్టుకుని వేసుకుంది. నేనిచ్చినవన్నీ బీరువాలో చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఆవిడిచ్చినవి అరిగి, విరిగి, మాసిపోయాయి. చాలాకాలం దానికి గర్వపడ్డాను. చూశావా నా తెలివి!

నిన్న ఆవిడే ఫోను చేసింది. "వదినగారూ, పిడుక్కి ఏమిస్తున్నారు? నేనైతే తాళం ఇద్దామనుకుంటున్నా. నిన్ననే చేయించా. మీకు తప్ప ఎవరికీ చెప్పలేదు సుమండీ" అంది. నేను "ఆలోచిస్తున్నానండీ" అన్నాను. అప్పటికే ఆలోచించేశాను.

కొట్టుకి తాళం! నాకు తట్టవలసిన వస్తువు కాదూ అది? గట్టిది, పనికొచ్చేది, నమ్మకమైనది. ఈ ఒక్కసారికి ఆవిడ నా దారిలోకి వచ్చింది, అదీ నాకంటే ముందు. చేయించానంది కనుక దాని మీద ఏదో చెక్కించే ఉంటుంది. సాయంత్రమే బజారుకి వెళ్ళాను. అంగడిలో ఉన్నవాటిలోకెల్లా పెద్ద ఇత్తడి తాళం తీసుకుని, దాని మీద కొట్టు పేరు చెక్కమన్నాను. తెరిచే రోజు దాకా ఆగను. ముందు రోజే ఇచ్చేస్తాను. దొంగతనమే, ఒప్పుకుంటున్నాను. కానీ ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, ఆ పిల్ల నా కానుక పట్టుకుని గంతులేస్తే చూడాలని ఉంది.

నీ అక్క

*

చెల్లాయికి,

నీ ఉత్తరం అందింది. "ఈ వయసులో నీకిదేం బుద్ధి" అన్నావు. వయసుతో పోయేది చూపు ఒక్కటే, బుద్ధి పోదు.

ముందు రోజే ఇచ్చాను. పిడుగు పెట్టె విప్పి, రెండు చేతులతో పైకెత్తి, "నానమ్మా! కొట్టుకంటే ఇదే గట్టిగా ఉందే!" అంది. మావాడు పక్క నుంచి, "అమ్మా, జైలువాళ్ళు ఏమైనా వేలం వేశారా?" అన్నాడు. ఇద్దరూ నవ్వారు. పిల్ల నా బుగ్గ మీద ముద్దు పెట్టింది, నిజమే. కానీ అది పెద్దవాళ్ళకి పెట్టే ముద్దు. గంతులేమీ లేవు. ఆవిడ రేపు ఇలాంటిదే తెస్తుంది, వెలవెలబోతుంది అన్న ధీమాతో ఇంటికి వచ్చాను.

మర్నాడు కొట్టు నిండా జనం. కొత్త రబ్బరు వాసన, గోడకి వేలాడే టైర్లు, పంక్చరు చూసే నీళ్ళ తొట్టి. షట్టరుకి నా తాళం వేలాడుతోంది. పోనీలే అనుకున్నాను. అప్పుడు వచ్చింది మా వదినగారు. చేతిలో పెట్టె లేదు, సంచీ లేదు. పిడుగు చెయ్యి లాగి అరచేతిలో ఏదో పెట్టి వేళ్ళు మూసింది. ఆ పిల్ల తెరిచి చూస్తే చిన్న తాళంచెవి.

"మా ఇంటి తాళమే. మధ్యాహ్నం పూట ఎండలో అంత దూరం ఇంటికెందుకే పోతావు? రెండు సందుల అవతలే కదా నేను. ఉన్నా లేకపోయినా తలుపు తీసుకుని వచ్చేయ్. తిను, పడుకో, ఒళ్ళు కడుక్కో. గంట కొట్టావంటే మాత్రం ఊరుకోను."

చెల్లీ, అర్థమైందా? బండి తాళం, బీరువా తాళం అని లోకమంతా చెవినే తాళం అంటుంది. నేను బడిలో ఉన్నన్నాళ్ళూ పిల్లలకి అది తప్పని చెప్పాను. తాళం అంటే కప్ప, తెరిచేది చెవి అని నోరు నొప్పెట్టేలా చెప్పాను. అందుకే ఆవిడ తాళం అనగానే నా చెవికి కప్పే వినిపించింది. ఇంకెవరైనా అయితే ఈ పొరపాటు చెయ్యరు.

పిడుగు ఆవిడని వాటేసుకుంది. గ్రీజు చేతులతో, ఆవిడ ఉతికిన బట్టల మీదే. ఆవిడ "అయ్యో నా బట్టలు" అననైనా అనలేదు. నేనైతే అని ఉండేదాన్ని.

మావాడికి నోరు ఊరుకోదుగా. "భలే ఉందే! ఒకరు కప్ప, ఒకరు చెవి! వియ్యపురాళ్ళిద్దరూ కూడబలుక్కున్నారా?" అన్నాడు. అంతా గొల్లున నవ్వారు. ఆవిడ ఒక్కర్తే నవ్వలేదు. షట్టరు మీది తాళం చూసింది, నన్ను చూసింది. ఫోనులో ఏమన్నదో, నేను ఏమి విన్నానో, ఎందుకు ముందు రోజే ఇచ్చానో ఆవిడకి ఆ ఒక్క చూపులో తెలిసిపోయింది. టిక్కెట్టు లేకుండా ఎక్కినవాళ్ళని ఆ చూపుతోనే పట్టుకునేదేమో. నేను తల దించుకున్నాను.

"అవును అల్లుడుగారూ, కూడబలుక్కున్నాం. ఆలోచన మీ అమ్మగారిదే" అంది.

అందరి ముందూ దింపేసినా ఇంత మండేది కాదు. ఆవిడ నాకు అబద్ధాన్ని కూడా కానుకగా ఇచ్చేసింది, అదీ నా కొలతకి సరిగ్గా సరిపోయేలా.

మొన్న తాళంచెవులు చేసేవాడి దగ్గరికి వెళ్ళాను. నా ఇంటి చెవి ఎవరి దగ్గరా లేదు. కన్నకొడుకైనా గంట కొట్టి, "ఎవరూ?" అంటే పేరు చెప్పి లోపలికి రావలసిందే. ఒకటి చేయించి పిడుగుకి ఇద్దామనుకున్నాను. నమూనా చెవి కోసం వాడు చెయ్యి చాపాడు. నేను ఇవ్వలేదు. మళ్ళీ ఆవిడ వెనకే పోవడం కాక అదేమిటి? తిరిగి వచ్చేశాను. ఇకమీదట నేను ఎవరికీ ఏమీ ఇవ్వను. కవరులో పెట్టి ఇంత డబ్బిస్తాను, ఎవరికి కావలసింది వాళ్ళే కొనుక్కుంటారు. ఇది నా నిర్ణయం. వాదించకు.

నీ అక్క

*

వదినగారికి,

నేను మీకు ఎన్నడూ ఉత్తరం రాయలేదు. ఇందులో అక్షర దోషాలు ఉండవు గానీ, చెప్పబోయేది దోషం గురించే. ఆ తాళం ఆలోచన నాది కాదు. మీరు నమ్మి చెప్పిన మాట తీసుకుని మీకంటే ముందు పరుగెత్తాను. మీరు మావాడితో ఆడిన అబద్ధం నాకు వద్దు. పోయిన వారమే పిడుగుకి ఉన్నదున్నట్టు చెప్పేశాను.

ఎలా చెప్పవలసి వచ్చిందో కూడా రాస్తాను. ఆ రోజు పొద్దున్నే గంట మోగింది. "ఎవరూ?" అన్నాను. "కొట్టు ఓనరు!" అని జవాబు. లోపలికి వచ్చి, చెప్పులు వరసగా విడిచి, "నానమ్మా, ఒక సాయం కావాలి. ట్యూబులూ చెయిన్లూ తెచ్చే బండి తెల్లారగానే వస్తుంది. నాకేమో అప్పటికి మెలకువ రాదు. నువ్వు కొట్టు తీసి, లెక్క చూసి దింపించుకుంటావా?" అంది.

నాకు మొదట ఏమి నోటికొచ్చిందో వినండి. "మీ అమ్మమ్మని అడగలేకపోయావా, దగ్గరే కదా" అన్నాను. అంత చిన్న మనసు నాది.

ఆ పిల్ల పకపకా నవ్వింది. "అమ్మమ్మా? బండివాడితో చుట్టరికం కలిపి, టిఫిన్ పెట్టి పంపిస్తుంది. వాడు సగం సరుకు దింపకుండానే పోతాడు. నిన్ను చూస్తే వాడు చచ్చినట్టు లెక్క అప్పజెబుతాడు. నువ్వంటే నాకే భయం, వాడెంత?" అంటూ నా చేతిలో తాళంచెవి పెట్టింది. "నీ తాళానికి రెండు చెవులొచ్చాయి నానమ్మా. ఒకటి నాది, ఒకటి నీది."

వదినగారూ, మనవరాలు నాకు ఇచ్చిన మొదటి కానుక అది. ఎవరూ చెక్కించలేదు, పెట్టెలో పెట్టలేదు. కళ్ళు తుడుచుకునే లోపలే మీరు గుర్తొచ్చారు, అసలు సంగతి చెప్పక ఊపిరాడలేదు. అంతా విని, "తెలుసులే. అమ్మమ్మకి అబద్ధాలాడటం రాదు, చెవులు ఎర్రబడతాయి" అంది. చూశారా, అది కూడా ఆ పిల్లకి తెలుసు. ఆ మాట విని మళ్ళీ కాస్త కుళ్ళుకున్నాను. మీ చెవులు ఎర్రబడటం నేను ఎందుకు చూడలేదా అని.

ఈ వారమంతా కొట్టు నేనే తీస్తున్నాను. నిన్న బండివాడు రెండు ట్యూబులు తగ్గించబోయాడు. మళ్ళీ ఎక్కి తెచ్చాడు.

ఒక్క విషయం తేల్చాలి. చెవిని తాళం అనడం తప్పు. ఎన్నిసార్లు అడిగినా ఇదే చెబుతాను. మీ మాట తప్పు వదినగారూ, మీ కానుక ఒప్పు. నాది అటుది ఇటు అయింది.

మీ ఇంటి చెవి పిడుగు దగ్గర ఉంది. మధ్యాహ్నాలు మీవి, వాటికి నేను అడ్డు రాను. తెల్లవారుజాములు మాత్రం నావి. మీకు నిద్ర పట్టని రోజున కొట్టు దగ్గరికి రండి, తీసే ఉంటుంది. బండివాడిని మాత్రం పలకరించకండి.

మీ వదిన