పరగడుపు మాత్ర

భావ్‌నగర్,
శ్రావణ బహుళ ఏకాదశి, సోమవారం.

చిరంజీవి ఝర్ణాకు, మీ అత్తగారు రసీల బా జయ జినేంద్ర చెప్పి, ఆశీర్వదించి రాస్తున్నది. అలవాటు కొద్దీ సౌభాగ్యవతి అని మొదలుపెట్టి కొట్టేశాను. ఆ గీత చూసి బాధపడకు. వేరే కాగితం తీద్దామంటే, తిరుగు బస్సుకు టైమవుతోందని మీ అన్నయ్య హేమల్ వాకిట్లో నిలబడి ఉన్నాడు. అంతా క్షేమం అని రాయడం పద్ధతి. ఇక్కడ నేను ఉన్నాను. నువ్వు క్షేమంగా లేవని హేమల్ చెప్పాడు.

పొద్దున్నే రాజ్‌కోట్ నుంచి వచ్చాడు. ఉయ్యాల బల్ల మీద కూర్చున్నాడే గాని మంచినీళ్ళు కూడా ముట్టలేదు. బా, మా చెల్లెలికి ఇవాళ ఇరవై రెండో ఉపవాసం, నెల రోజుల తపస్సు పట్టింది, కాచిన నీళ్ళే ఆధారం, నిన్న స్నానాల గదిలో పడిపోయింది, అన్నాడు. డాక్టరు వచ్చి నాడి చూసి, ఇది తపస్సా ఆత్మహత్యా అని మీ అమ్మను కేకలేశాడట. నువ్వు మౌనం కూడా పట్టావట. ఎవరేం చెప్పినా పలక మీద ఒకటే రాసి చూపిస్తున్నావట, ఆయన్ని చంపిన చెయ్యి ఇది, దీంతో అన్నం ఎలా ముట్టను అని. అంత మగాడూ ఏడ్చాడమ్మా. మీరు చెబితే వింటుంది, మీరే రండి బా, అని నా కాళ్ళు పట్టుకున్నాడు.

నేను రావడం లేదు. వస్తే, ఒంట్లో ఓపిక లేకపోయినా లేచి నాకు దండం పెడతావు. అది నేను తట్టుకోలేను. అందుకే ఈ కాగితం. నాలుగో తరగతి చదువు నాది. తప్పులుంటే నువ్వే సర్దుకుని చదువు, టీచరమ్మవి.

నా కొడుకు మౌలిక్ నూట నలభై ఎనిమిది కిలోలు ఉన్న రోజుల్లో ఆటోవాడు, సేఠ్, మధ్యలో కూర్చో, లేకపోతే ముందు చక్రం లేస్తుంది, అని ఎగతాళి చేసేవాడు. వాడూ నవ్వి ఇంటికొచ్చి తలుపేసుకునేవాడు. షుగరు సరే, నిద్రలో ఊపిరి ఆగిపోయేది. కడుపు చిన్నది చేసే ఆపరేషన్ ఉందని నువ్వే కనుక్కుని అహ్మదాబాద్ తీసుకెళ్ళావు. పోయిన ఏడు హోలీ వెళ్ళిన వారానికి చేశారు. పుట్టుకతో వచ్చిన పొట్టను కోయించడమేమిటని నేను నీతో నాలుగు రోజులు మాట్లాడలేదు.

ఇంటికొచ్చాక వాడి కడుపు చిన్నదైంది గాని మాత్రల డబ్బా పెద్దదైంది. నాకు ఇంగ్లీషు రాదని నువ్వు రంగు పెన్సిళ్ళతో పట్టీ గీశావు. పరగడుపున గులాబీ రంగు గొట్టం మాత్ర, కుట్టు దగ్గర పుండు పడకుండా. తిన్నాక నల్లటి ఐరన్ మాత్ర, దాని దరిదాపుల్లో టీ ఉండకూడదు. రెండు గంటలు ఆగి తెల్లటి కాల్షియం బిళ్ళ. ఇచ్చినప్పుడల్లా గడిలో టిక్కు పెట్టాలి. నొప్పి మాత్రలు పుండు పుట్టిస్తాయి, ఈ గడప తొక్కకూడదని, నా మోకాళ్ళ మాత్రలు కూడా తీసుకెళ్ళి పక్కింట్లో పెట్టావు. ఇది ఇల్లా, మందుల షాపా, అని నేను సణిగితే, షాపులో ఇంత సణుగుడు ఉండదు బా, అని వాడు నవ్వేవాడు.

జుట్టు ఊడి దిండంతా పరుచుకుంటే, ఈ బరువూ తగ్గింది చూడు, అనేవాడు. ఒకసారి నేనే చాటుగా చెంచాడు తియ్యటి శ్రీఖండ్ పెట్టాను. పావుగంటలో చెమటలు, గుండెదడ, గోడ పట్టుకుని కూలబడ్డాడు. నువ్వొచ్చి, ఏది పెట్టినా ఒక్క మాట నన్ను అడిగి పెట్టండి బా, అన్నావు. ఆ మాటకు నాకు ఒళ్ళు మండింది. పొద్దు గూకాక నీళ్ళు తాగిస్తున్నావని ఇంకో గొడవ. రోజంతా గుక్క గుక్కగా తాగకపోతే నీరసిస్తాడని నువ్వు, ధర్మం తప్పుతోందని నేను.

అదే ఏడు రాఖీ నాడు నడుము పట్టేసి వాడు మంచం దిగలేకపోయాడు. చెల్లెలు జాగృతి వచ్చి రాఖీ కట్టేటప్పుడు కూర్చోవాలని, ఒక్కటివ్వు ఝర్ణా, ఈ ఒక్కసారికి, అని నిన్ను బతిమాలాడు. నీ తలనొప్పికని స్కూలు సంచిలో దాచుకున్న మాత్ర తీసి ఇచ్చావు. మూడో రోజుకు కడుపు చెక్కలా బిగిసింది. కుట్టు దగ్గర పుండు పడి చిల్లు అయిందన్నారు. ఆ నొప్పి మాత్ర సంగతి డాక్టరుకు నువ్వే చెప్పావు. ఇంకెవరైనా దాచేవాళ్ళు. మర్నాడు పోయాడు.

పరామర్శకు అందరూ వచ్చిన రోజున, కోయించిందీ ఇదే, మింగించిందీ ఇదే, అని జాగృతి అంది. నేను తలూపాను. నా కొడుకును నీ చేతుల్లో పెడితే ఇలా తిరిగిచ్చావా, అని కూడా అన్నాను. మర్నాడే నువ్వు పుట్టింటికి వెళ్ళిపోయావు.

పోయిన నెల మోకాళ్ళు చూపించుకోవడానికి మన వీధి డాక్టరు దగ్గరికి వెళ్ళి ఈ సంగతి అడిగాను. ఒక్క మాత్రకు అలా చిల్లు పడదమ్మా, లోపల పుండు వారాల తరబడి ముదిరి ఉండాలి, అన్నాడు. కాబట్టి నీ చెయ్యి ఏ పాపమూ చేయలేదు. ఆ తపస్సు ఆపు తల్లీ. రేపటి నుంచి పర్యుషణ. ఎనిమిదో రోజున అందరూ ఒకరినొకరు క్షమాపణ అడుగుతారు. నేను అన్నాళ్ళు ఆగలేక ఇవాళే అడుగుతున్నాను. మిచ్ఛామి దుక్కడం.

నీ మేలు కోరే
బా
రసీల

తా.క. సంతకం చేసి కవరులో పెట్టాను. హేమల్ చెయ్యి చాచాడు. ఇవ్వలేక మళ్ళీ లోపలికొచ్చి కూర్చున్నాను. పుండు ఎందుకు ముదిరిందో రాయకపోతే నువ్వు నమ్మవు.

ఆ పరగడుపు మాత్ర నేను వాడికి ఇవ్వలేదు. నెల రోజులు ఇవ్వలేదు. నువ్వు ఆరున్నరకే స్కూలుకు వెళ్ళేదానివి. సూర్యుడు పొడిచి ముప్పావుగంట దాటనిదే నోట్లో ఏదీ వేసుకోని ఇల్లు మనది, అందుకని ఆ ఒక్క మాత్ర నా చేతి మీదుగా ఇవ్వాల్సి వచ్చేది. ఆ ఏడు చాతుర్మాస్యం మొదలైన రోజు, సాధ్వీలు బస చేసే ఉపాశ్రయంలో నా పక్కన కూర్చున్నావిడ, గొట్టం మాత్రల పెంకు జంతువుల ఎముకలు ఉడికించి చేస్తారు, తెలుసా రసీలాబెన్, అంది. ఉల్లిపాయ కూడా రానివ్వని ఇంట్లో, నా చేత్తో, నా కొడుకు నోట్లో పెడుతున్నానా అనిపించింది.

సాధ్వీజీని అడిగి ఉంటే, రోగికి మందు తప్పదు, వేయండి, అనేవారు. షాపులో అడిగి ఉంటే గొట్టం లేకుండా అదే మందు బిళ్ళగా ఇచ్చేవాడు. ఉందట, ఈమధ్యే కనుక్కున్నాను. నిన్ను అడిగి ఉంటే ఆ సాయంత్రానికే తెచ్చేదానివి. ఎవరినీ అడగలేదు. డాక్టరు ఫోన్‌లో ఆపమన్నాడని మౌలిక్‌తో చెప్పాను. ఝర్ణాకు తెలుసా, అన్నాడు. తెలుసు, అన్నాను. రోజూ గడిలో టిక్కు పెట్టి, మాత్రను మల్లె కుండీ మట్టిలో కప్పెట్టేదాన్ని.

పది రోజులకే, గుండె కింద మంటగా ఉంది బా, అన్నాడు. సోంపు నీళ్ళిచ్చాను. ఝర్ణాతో అనకు, ఊరికే హైరానా పడుతుంది, అన్నాను. వాడు నా మాట విన్నాడు.

ఆసుపత్రిలో డాక్టరు, గొట్టం మాత్ర రోజూ వేశారా, అని అడిగాడు. నువ్వు ఆ పట్టీ తీసి, చూడండి, ఒక్క గడి ఖాళీ లేదు, మా బా ఎప్పుడూ మరిచిపోరు, అన్నావు. నేను నీ పక్కనే నిలబడి ఉన్నాను ఝర్ణా.

జాగృతికి ఇందాక ఫోన్‌లో చెప్పాను. విని పెట్టేసింది. రేపు ఉపాశ్రయంలో సాధ్వీజీ ప్రవచనం అయ్యాక లేచి నిలబడి చెబుతాను. ఆ రోజు నిన్ను అన్నవాళ్ళంతా అక్కడే ఉంటారు.

ముందు డాక్టరును పిలిపించుకో. ఆయన ఎంత తాగమంటే అంత, రెండు చెంచాల పెసరకట్టయినా సరే, తాగు. తాగావని హేమల్ చేత ఒక్క మాట ఫోన్ చేయించు. నాతో నువ్వు మాట్లాడనక్కర్లేదు.