ఖాలీ లారీకి కట్టిన టార్పాలిన్

బావా,

నమస్తే. నువ్వు పోయి పదమూడు నెలలు దాటింది. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పని మాట ఒకటి మొన్న బుధవారం సాయంత్రం అక్క ముందు చెప్పేశాను. నీకైతే అది ముందే తెలుసు కదా...

ముందు ఇంటి సంగతి. అక్క లారీని అమ్మలేదు. క్యాబిన్ కొత్తది కట్టించి, హిమాయత్‌నగర్ యాదయ్యను డ్రైవరుగా పెట్టుకుంది. నీలాగే అతనూ మోకిల వెంచర్లలో సిమెంటు దించి, చేవెళ్లలో మక్కలు ఎత్తుకుని కోళ్ల దాణా మిల్లుకు వేస్తాడు. రోజూ పొద్దున్నే అక్క అతనికి ఫోన్ చేస్తుంది. "బండి మెల్లగ నడుపు యాదన్నా" అంటుంది. రోజూ అదే మాట.

ఎందుకో తెలుసా? నువ్వు జోరుగా నడిపి ప్రాణం పోగొట్టుకున్నావని ఆమె నమ్మింది. ఏడాదిగా నీ మీద కోపంగా ఉంది. నీ ఫొటోకు దండ మార్చేటప్పుడు కూడా, "ఏం కొంపలు మునిగినయని అంత ఉరికిచ్చినవ్?" అని అడుగుతుంది. పేపర్లో వచ్చింది కాబట్టి నమ్మింది. మా పేపర్లోనే వచ్చింది.

ఆ వార్త నేను రాయలేదు. నాతో పనిచేసే విలేకరి రాశాడు. పంపే ముందు నాకు ఫోన్లో చదివి వినిపించాడు. "అతివేగం వల్ల అదుపు తప్పి" అన్న చోట నేను ఆపలేదు. లారీ బోల్తా పడిన ప్రతిసారీ మేం రాసే వాక్యమే అది. నేనూ ఎన్నోసార్లు రాశాను.

వారం తర్వాత నీ లారీ జీపీఎస్ రికార్డు తీయించి చూశాను. పడే ముందు నీ వేగం గంటకు ముప్పై ఎనిమిది కిలోమీటర్లు.

ముప్పై ఎనిమిదిలో పది టైర్ల లారీ ఎలా పడుతుంది? దానికి జవాబు చెప్పాలంటే టార్పాలిన్ పట్టా సంగతి చెప్పాలి. అది ఎవరు కట్టమన్నారో చెప్పాలి... అందుకే నోరు మూసుకున్నాను.

ఆ రోజు నీకు ఫోన్ చేసినప్పుడు నేను చేవెళ్లలో ఒక మీటింగులో ఉన్నాను. వాతావరణ హెచ్చరిక అప్పుడే ఫోన్లోకి వచ్చింది. తెల్లారి నీకు మక్కల లోడు ఉంది. లారీ అడుగు తడిస్తే మిల్లువాళ్లు సరుకు ఎక్కించనివ్వరు. అందుకే చెప్పాను, వాన వస్తున్నది, పట్టా కట్టుకో బావా అని.

"గాలి సంగతేంది బామ్మర్దీ?" అని అడిగావు నువ్వు.

నేను మెసేజ్ మళ్లీ చూడలేదు. వాన ఒక్కటే అన్నాను.

"నువ్వు జెప్పినవంటే పక్కా ఖబరే" అని నవ్వావు. నాతో నువ్వన్న ఆఖరి మాట అదే.

ఆ మెసేజ్‌కి రెండో లైను ఉంది. ఈదురుగాలులు వీస్తాయని. 'మరింత చదవండి' అన్న చోట నొక్కితే కనిపించేది. నేను నొక్కలేదు.

గాలి గురించి నాకు నేర్పింది నువ్వే. "లోడుబండి ఎద్దు లెక్క నిలబడ్తది. ఖాలీ బండి ఉత్త రేకుడబ్బా. దానికి పట్టా గూడ కట్టినవనుకో, ఇగ పతంగే" అనేవాడివి. గాలి ఉందని తెలిస్తే నువ్వు పట్టా విప్పేసి, లారీ ముందు భాగాన్ని గాలికి ఎదురుగా పెట్టి, అది తగ్గేదాకా ఆగేవాడివి. నా మాట నమ్మి, సిమెంటు దించిన ఖాలీ లారీకి పట్టా కట్టుకుని బయల్దేరావు. మొయినాబాద్ దాటాక చెట్ల వరుస తెగి రెండు పక్కలా చేలు వచ్చే చోట గాలి ఎడమ నుంచి కొట్టింది. లారీ కుడి పక్కకు పడింది. డ్రైవర్ సీటు ఉన్నదీ ఆ పక్కనే.

పట్టా లేచినప్పుడు నీకు అర్థమై ఉంటుంది. అప్పుడు నేను గుర్తొచ్చానా బావా?...

మొన్న బుధవారం ఆలూరులో అక్క దగ్గర ఉన్నాను. నాలుగు దాటింది. పడమర దిక్కు మట్టిరంగులోకి తిరిగింది. నా ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ఈసారి చివరిదాకా చదివాను, ఈదురుగాలులని ఉంది. తలెత్తేసరికి అక్క ఫోన్లో చెబుతోంది, "యాదన్నా, మబ్బు పట్టింది. పట్టా గట్టిగ కట్టు. అడుగు తడవద్దు."

నా మాటలే బావా. ఇందులోనూ గాలి ఊసు లేదు.

"మోకిలలనే కట్టిన చెల్లె. ఖాలీ బండే, ఫికర్ లేదు" అన్న యాదయ్య గొంతు ఫోన్లోంచి బయటికే వినిపించింది.

ఫోన్ లాక్కుని స్పీకర్ పెట్టాను. ఎక్కడున్నావని అడిగితే మొయినాబాద్ దాటుతున్నానన్నాడు. గాలి వస్తోంది, పక్కన ఫంక్షన్ హాల్ కనిపిస్తుంది, బండి దాని గోడ వెనక పెట్టి పట్టా తాళ్లు విప్పమన్నాను. "సార్, మీరు వార్తలు రాయుండ్రి. బండి నన్ను నడపనియ్యుండ్రి" అన్నాడు. నువ్వైనా అదే అనేవాడివేమో. ఇటు అక్క నా చెయ్యి పట్టుకుంది. "అడుగు తడిస్తే రేపటి లోడు పోతదిరా. నీకేమన్న పిచ్చి లేసిందా?"

ఇంజన్ చప్పుడు వినిపిస్తూనే ఉంది. లారీ ముందుకే వస్తోంది. నువ్వు పడిన చోటి ఆ చెట్ల వరుస అయిపోవడానికి రెండు నిమిషాలు కూడా పట్టవు.

అప్పుడు చెప్పాను. "అక్కా, బావ ఉరికియ్యలేదు. ఆ రోజు పట్టా కట్టమని నేనే చెప్పిన. గాలి ఉన్నదా అని అడిగిండు. లేదన్న."

అక్క చెయ్యి వదిలేసింది. ఫోన్లో యాదయ్య కూడా విన్నాడు. తర్వాత గేరు మార్చిన చప్పుడు. "పక్కకు తీస్తున్న సార్" అన్నాడు.

ఆ తర్వాత ఫోన్ కట్టయింది. మళ్లీ కలవలేదు. పదకొండు నిమిషాలు... మళ్లీ మళ్లీ నొక్కాను. ఎదురింటి పశువుల కొట్టం రేకు ఒకటి లేచి రోడ్డు మీద పడింది. అక్క గడపలో కూర్చుని దాన్నే చూస్తోంది. నా వైపు తిరగలేదు.

చివరికి యాదయ్యే చేశాడు. "ఒక దిక్కు తాళ్లు ఇప్పిన సార్. రెండో దిక్కు ఇప్పేలోపే కొట్టింది. నేను హాల్లకు ఉరికిన. పట్టా చినిగి గోడ మీద పడ్డది. బండి రెండుసార్లు ఊగింది... నిలబడ్డది."

అడుగంతా తడిసింది. తెల్లారి లోడు వేరే బండికి పోయింది.

ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదని అడుగుతుందని ఎదురుచూశాను. అడగలేదు. ఆ బుధవారమే చీకటి పడ్డాక నీ ఫొటో ముందు నిలబడి, "అయితే ఆయన ఉరికియ్యలేదా?" అంది.

ముప్పై ఎనిమిది అన్నాను.

"పేపర్ల రాసింది తప్పా?"

తప్పే అన్నాను.

"మరి అది అట్లనే ఉంటదా?" అంది.

అంతే. నేను తలుపు దగ్గర చెప్పులు వేసుకుంటుంటే, నీ ఫొటోతో మెల్లగా ఏదో చెబుతోంది. కొంపలు మునిగిన మాట మాత్రం కాదు.

పదమూడు నెలల కిందటి వార్తకు సవరణ ఎవరు వేస్తారని ఆఫీసులో అంటారు. అననీ. రాశాను. ఆరు లైన్లు వచ్చింది. లారీ వేగం ముప్పై ఎనిమిది అని ఉంది. ఖాలీ లారీ అని, పట్టా కట్టి ఉందని, గాలి అడ్డంగా కొట్టిందని ఉంది. గాలి లేదని డ్రైవరుకు ఫోన్లో చెప్పింది ఎవరో కూడా ఉంది, పేరుతో సహా.

అది అచ్చయిన రోజు పొద్దున్నే ఆలూరు వస్తాను. గడప బయటే నిలబెట్టినా సరే, అక్కకు చివరి లైను దాకా చదివి వినిపిస్తాను.

నీ బామ్మర్ది
శ్రీనివాస్