ఒక్క బస్తా ఉప్పు

చంథా అక్కకు,

చేపల వాసన కొడుతున్న చేతులతోనే రాస్తున్నాను. సరస్సులో నీళ్ళు తగ్గి, జనం పెరిగి, పోయినేడు మన ఊరూ అవతలి ఒడ్డు ఊరూ తెడ్లతో కొట్టుకున్నాయి కదా. తర్వాత రెండు ఊళ్ళూ ఒట్టేసుకుని, చేపలు గుడ్లు పెట్టే మడుగులో వలేయడం మానేశాయి. ఈసారి పడవలు మునిగేలా చేపలు పడ్డాయి. ఇన్ని పడతాయని నాన్నకు నమ్మకం లేక, చేపల్ని ఉప్పేసి జాడీల్లో ప్రహోక్‌గా ఊరేయడానికి ఒక్క బస్తా ఉప్పే కొన్నాడు. చేపలు పాడైపోతాయని నేను ఏడుస్తుంటే, అవతలి ఒడ్డు వుథీ మామ పడవలో నాలుగు బస్తాలు తెచ్చాడు.

"ఒక్క బస్తానా? బుర్రుందా నీకు?" అన్నాడు.

"ఉన్నదాన్ని పోయినేడు నువ్వేగా పగలగొట్టింది" అన్నాడు నాన్న.

ఇప్పుడిద్దరూ పక్కపక్కన కూర్చుని చేపలు కడుగుతున్నారు. ఫ్యాక్టరీలో సెలవడిగి రా. జాడీలు ఎక్కువే తీసుకురా, మామ వాళ్ళకీ చాలట్లేదు.

నీ చెల్లెలు