‘మావయ్యా’ అన్న కేక ఎవరిదో తేల్చి, మైదానం గేటు తెరిపించుట గురించి

క్రీడల అధికారి గారి సముఖమునకు,
వారి కార్యాలయం ఎదుటి వీధిలో తాళంచెవులు కోసుకుని బతికే ముసలివాడు వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: నా కోడలు హ్యామర్ విసిరే చోటును సన్మాన వేదిక కింద పూడ్చినందున, సదరు చోటును తిరిగి ఇప్పించుట గురించి.

ముందుగా నా చేతిరాతను, తప్పులను మన్నించాలి. మా ఊరి బడిలో అయిదో తరగతితో ఆగిపోయినవాణ్ణి. పడవలసిన చోట ఒత్తు పడదు, పడకూడని చోట పడుతుంది. ఇనుముకు పళ్ళు కోసే చెయ్యి గనక అక్షరం కూడా గీకినట్టే ఉంటుంది. నలుగురిలో నోరు తెరవగలిగితే కాగితం ఖరాబు చేసేవాణ్ణి కాదు.

ఈ అర్జీ తమరి మీదనే. తమరి మీద ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలని తమరి గుమాస్తాను అడిగాను. ‘ఎవరి మీదైనా సరే, అయ్యగారికే రాయాలి పెద్దాయనా. అయ్యగారి మీదైతే అయ్యగారే విచారించుకుంటారు’ అన్నాడు. అంతకంటే తిన్నని దారి నాకు తెలియదు. చదివేటప్పుడు ఇందులోని అధికారి వేరెవరో అనుకోండి. ఆయన మీద నాకున్న అభిప్రాయమే తమరికీ కలుగుతుంది.

1. నా కోడలు హ్యామర్ త్రో ఆడుతుంది. అనగా ఇనుప గుండుకు తీగ, తీగ చివర పిడి. ఆ పిడిని రెండు చేతులా పట్టుకుని, గుండ్రటి సిమెంటు వలయంలో గిర్రున తిరిగి, గుండును మైదానంలోకి వదలడం. తమరికి తెలియదని కాదు. సన్మాన సభలో తమరు దీన్ని రెండుసార్లు డిస్కు అన్నారు గనక రాయవలసి వచ్చింది.

2. మన మైదానంలో వలయం ఉండేది గానీ చుట్టూ వల ఉండేది కాదు. వల లేకపోతే గుండు పక్కకు జారి ఎవరి నెత్తినైనా పడుతుంది. వల కోసం కోడలు తమరి గదిలో నిలబడింది, నేను తలుపు దగ్గర నిలబడ్డాను. తమరు ఫైలులోంచి తల ఎత్తకుండానే, ‘పెళ్ళయినదానివి, నీకెందుకమ్మా ఈ గుండు? బలం ఎక్కువైతే ఇంట్లో గ్యాస్ బండ మొయ్యి’ అని సెలవిచ్చారు. గదిలో అందరూ నవ్వారు. తమరి మాటకు నవ్వడం వారి ఉద్యోగంలో భాగం గనక వారి మీద నాకు ఫిర్యాదు లేదు. కోడలు బయటికొచ్చి, ‘ఇంట్లో బండ కూడా నేనే మోస్తున్నాగా మావయ్యా, ఆయనకెవరూ చెప్పినట్టు లేదు పాపం’ అంది.

తర్వాత వల నా కొడుకు తెచ్చాడు. లారీ నడుపుతాడు, సరుకు మీద కట్టే పాత వల అది. వెల్డింగు మేస్త్రి గొట్టాలు పాతి నిలబెట్టాడు. ఈ పనిలో తమరి కార్యాలయం చేసిన సాయం ఏమనగా, వాచ్‌మన్ ఆ పూట నిద్రపోయాడు.

3. రోజూ పొద్దున్నే కోడలు విసిరేది, నేను గుండు ఏరుకొచ్చేవాణ్ణి. మా ఇద్దరి మధ్య పెద్దగా మాటలు ఉండవు. ఆమెకు పని ఎక్కువ, నాకు నోరు తక్కువ. గడ్డిలో గుండు కోసం వంగితే నాకు చుట్టూ ఏం జరుగుతున్నదో తెలియదు. అందుకని విసిరే ముందు ప్రతిసారీ ‘మావయ్యా!’ అని గొంతెత్తి కేకేస్తుంది. నేను తల ఎత్తి, పక్కకు జరుగుతాను. జరిగానని చూసుకున్నాకే ఆమె తిరగడం మొదలుపెడుతుంది.

ఆ కేకకు అర్థం ఇంతే: తప్పుకోండి. అందులో ప్రేమ ఉంటే ఉండవచ్చు, మేము దాని గురించి మాట్లాడుకోలేదు. కాని ముందు సంగతి నా తలకాయ.

4. ప్రపంచ పోటీల్లో ఆడవారి హ్యామర్ ఫైనల్ దాకా కోడలు వెళ్ళిన సంగతి తమరికి ఎరుకే. ఎరుక కాకపోతే పేపరులో తమరి ఫోటో కింద ఉన్నది. ఆ పోటీని నా కొట్టు పక్కన ఫోన్లు బాగుచేసే అతని దుకాణంలో చిన్న తెర మీద చూశాము. టీవీ వారికి కూడా ఈ ఆటంటే చులకనే. పరుగు పందెం వారు బూట్ల తాళ్ళు ముడివేసుకోవడం తీరిగ్గా చూపించారు. గుండు ఎక్కడ పడిందో చూపడానికి మాత్రం తీరిక లేదు.

కోడలు మొదటి విసురు వలకు తగిలింది. రెండో విసురులో కాలు వలయం దాటింది, ఎర్రజెండా ఎత్తారు. మూడోది కూడా చెడితే ఆమె ఆట అక్కడితో సరి. ఈ రెండుసార్లూ ఆమె కేక వేయలేదు. పరాయి చోటు, అంతమంది జనం, సిగ్గుపడి ఉంటుంది. మూడోసారి వలయంలోకి వచ్చి, చేతికి తొడుగు బిగించుకుని, గుండు కింద ఆనించి, ఎదురుగా మైదానం కేసి చూసింది. అక్కడ తెల్ల టోపీలు పెట్టుకుని కొలతలు తీసేవాళ్ళు నిలబడి ఉన్నారు. అలవాటు చొప్పున గొంతెత్తింది.

‘మావయ్యా!’

ఇక్కడ నేను స్టూలు మీద నుంచి లేచి పక్కకు జరిగాను. మోచెయ్యి తగిలి అతని స్క్రూల పెట్టె బోర్లా పడింది. ‘ఓ పెద్దాయనా! గుండు పడేది అక్కడ, నా కొట్లో కాదు!’ అని అతను పడీ పడీ నవ్వాడు. అక్కడ తెల్ల టోపీల వారికి మన భాష ఎక్కడ వచ్చును? అయినా కేకలో ఉన్న సంగతి అందింది, గబగబా వెనక్కి జరిగారు. వాళ్ళు అంతకుముందు నిలబడిన చోటే గుండు దిగబడింది. అన్యభాష వారికి కూడా అర్థమైన కేక అది. ఈ ముక్క తమరు గుర్తుపెట్టుకోవాలి.

చివరికి అయిదో స్థానం. పతకం లేదు. ఫోన్ చేసి ‘మావయ్యా, అయిదు’ అంది. ‘మంచిదమ్మా’ అన్నాను. ఆ పక్క కాసేపు ఏడ్చింది, ఈ పక్క నేను ఫోను పట్టుకుని కూర్చున్నాను.

5. తమరు కూడా జట్టు వెంట ఆ దేశం వెళ్ళారు. ఏ పని మీద వెళ్ళారో కోడలికి తెలియలేదు. ఫైనల్ నాడు తమరు ఊరు చూపించే బస్సు ఎక్కారని మాత్రం తెలిసింది. చూడవలసినవి అన్నీ చూసే ఉంటారు.

తిరిగి వచ్చాక సన్మానం పెట్టారు. వేదిక కట్టడానికి కింద గట్టి నేల కావాలని తాపీ మేస్త్రి అడిగితే, అంత మైదానంలో తమరి కంటికి ఆనిన గట్టి నేల కోడలి వలయం ఒక్కటే. దాని మీద ఇటుకలు పేర్చి అరుగు కట్టించారు. ఫోటోలకు అడ్డం వస్తుందని గొట్టాలు పీకించి వల విప్పించారు. హ్యామర్ విసిరినందుకు సన్మానం, ఆ సన్మానం కోసం హ్యామర్ విసిరే చోటు పూడ్చివేత. ఈ ఆలోచన నా వంటివాడికి జన్మలో తట్టదు. దీనికి చాలా చదువుకోవాలి.

మా వల ఇప్పుడు తమరి కారు మీద పావురాలు రెట్ట వేయకుండా షెడ్డుకు కట్టి ఉన్నది. కారు శుభ్రంగా ఉన్నందుకు సంతోషం.

6. ఆ సభలో తమరు మైకు పట్టుకుని, ‘ఆ క్షణంలో ఈ బిడ్డకి అమ్మ గుర్తుకు రాలేదు, నాన్న గుర్తుకు రాలేదు. లోకమంతా వింటుంటే మావయ్యా అని పిలిచింది. ఎవర్ని? నన్ను! నేను ఈ అమ్మాయికి మావయ్య లాంటివాణ్ణి!’ అన్నారు. చప్పట్లు మోగాయి. తమరు జేబురుమాలు కూడా తీశారు. తమరు అబద్ధం చెప్పి, అది తమరే నమ్మి, దానికి తమరే కంటతడి పెట్టుకోవడం నా కళ్ళతో చూశాను. ముసలివాణ్ణి, చాలా చూశాను గానీ ఇది చూడలేదు.

కోడలు వేదిక మీద నుంచి నా కోసం వెతికింది. మైకు ఆమె దాకా రాలేదు, ఆమె చూపు మాత్రం నా దాకా వచ్చింది. నేను ఆఖరి వరుస వెనకాల నిలబడి చెప్పుల వంక చూసుకున్నాను.

ఇంటికి వచ్చి అన్నం వడ్డిస్తూ, ‘లేచి ఒక్క మాట అనాల్సింది మావయ్యా’ అంది. నేను ముద్ద కలుపుతూ ఉండిపోయాను. మళ్ళీ తనే, ‘పోనివ్వండి, ఆ కేక ఆయనే ఉంచుకోనివ్వండి. రేపు నేనెక్కడ విసరాలి? అది చెప్పండి’ అంది.

ఆ ప్రశ్నకు జవాబు తమరి దగ్గర ఉన్నది గనకనే ఈ అర్జీ.

7. మర్నాడు తమరి గదికి వచ్చాను. తమరికి గుర్తుండకపోవచ్చు, నేను గట్టిగా మాట్లాడలేదు. వలయం కావాలన్నాను. ‘ఏమయ్యా, వలయం ఎక్కడికి పోతుంది? అరుగు కిందే ఉందిగా, భద్రంగా!’ అన్నారు. మళ్ళీ అందరూ నవ్వారు.

ఆ తరువాత అరుగు మీద రాతిపలక లేచింది. ‘మావయ్యా అను పిలుపునకు మూలపురుషులు’ అని తమరి పేరు బారెడు. కింద కోడలి పేరు జానెడు, రాయి చాలక ఆఖరి అక్షరం లేదు. ఆ రాతిని ఎవరైనా ముట్టుకుంటారని గేటుకు తాళం వేయించారు. అనగా విసిరేవారు బయట, విసిరించామన్నవారి పేరు లోపల.

8. వచ్చే ప్రపంచ పోటీలకు ఎంపిక నెలాఖరున ఉన్నది. కోడలి వయసుకు ఇది ఆఖరి అవకాశమని అందరూ అంటున్నారు, ఆమె కూడా అంటున్నది. ఇప్పుడు ఆమె మా ఇంటి వెనక సందులో సాధన చేస్తున్నది. ఒక పక్క ఇస్త్రీ అతని గోడ, ఒక పక్క ఇంటి యజమానురాలి కిటికీ. గుండు పట్టుకుని తిరుగుతుంది గానీ వదలడానికి లేదు. తిరిగి తిరిగి, అంత వేగాన్నీ ఒంట్లోనే ఆపుకుని నిలబడుతుంది. విసరడం కంటే విసరకుండా ఆగడానికే ఎక్కువ బలం పడుతున్నదట. ఎడమ భుజం వాచింది. కేక కూడా మానేసింది. సందులో ఎవరిని తప్పుకోమంటుంది? గోడనా?

ఆమె తిరుగుతుంటే నేను గుమ్మంలో కూర్చుంటాను. ఏరుకురావడానికి ఏమీ ఉండదు. నా జీవితంలో ఇంత పని లేకుండా ఎప్పుడూ లేను.

కావున పై సంగతులు విచారించి, అరుగు తీయించి వలయం బయటపెట్టవలెననీ, తమరి కారుకు పావురాలతో వేరే ఏర్పాటు చేసి మా వల మాకు ఇప్పించవలెననీ, గేటు తెరిపించవలెననీ ప్రార్థన.

కేక గురించి పేచీ లేదు. తమరిదే అంటే తమరిదే. రాతిపలక ఇంటికి తీసుకుపోయి ముందుగదిలో పెట్టించుకోండి, వచ్చినవారికి చూపండి. కాని ఒకరి కేక తీసుకున్నప్పుడు దాని అర్థంతో సహా తీసుకోవాలి. ఆ కేక పడ్డవాడు చేయవలసిన పని ఒకటే. ఇన్నేళ్ళుగా నేను చేస్తున్నది అదే, తెల్ల టోపీల వారు చేసింది అదే. తమరు కూడా తప్పుకోవలెను.

తీరిక చేసుకుని, మరొకరి ఫిర్యాదు కానట్టు, చిత్తగించవలెను.

ఈ కాగితం వరకు తమ విధేయుడు,
మావయ్య
(వేలిముద్ర కాదు, సంతకమే)

తా.క. గేటు తాళంచెవి తమరి గుమాస్తా రెండుసార్లు పారేశాడు. రెండుసార్లూ మారుచెవి కోసింది నేనే. నమూనా నా పెట్టెలో ఉన్నది. ఇన్నాళ్ళూ దాన్ని ముట్టుకోలేదంటే అది కార్యాలయం మీద గౌరవం, తమరి మీద కాదు. ఆదివారానికి కొడుకు లారీతో వస్తున్నాడు, ఇటుకలు ఎత్తడానికి. వెల్డింగు మేస్త్రి గడ్డపార ఇస్తానన్నాడు. తవ్వేది కోడలు. ఆమెకు బలం ఎక్కువైందని తమరే సెలవిచ్చారు. సోమవారం పొద్దున ఆమె వలయంలో నిలబడుతుంది. ఆ వేళకు మైదానంలో తమరు ఎక్కడ ఉన్నా కేక వినబడుతుంది. ఈసారి అది నిజంగా తమరికే. అందుచేత జవాబు త్వరగా దయచేయించగలరు.