నేను గీసిన ర్యాంపు

అక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఈరోజే మార్కాపురంలో, వికలాంగులకు అనువుగా భవనాలు ఎలా కట్టాలో మా ఇంజనీర్లకు శిక్షణ ఇచ్చారు. శిక్షణ ఇచ్చిన మేడం నన్ను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, మా ఆఫీసు ముందు నేను గీసిన ర్యాంపునే ఎక్కమన్నారు. సగంలోనే వెనక్కి జారాను.

ఒకసారి నీ చక్రాల కుర్చీ అక్కడే ఆపి, "ఇంత నిలువుగా ఉంటే ఎట్ల ఎక్కేదిరా?" అన్నావు. "నేను తోస్తాలే అక్కా" అన్నాను. ఒక్కదానివే ఎక్కాలని నీకెంత ఉండేదో ఇవాళ తెలిసింది.

అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవుండాలి. సాయంత్రమే కాంట్రాక్టరును పిలిచాను.

"బాగుండేదాన్ని ఎందుకు పగలగొట్టేది సార్?" అన్నాడు.

"బాగలేదు. నేనే తప్పు గీసినాను" అన్నాను.

రేపు పని మొదలు. పూర్తయ్యాక నేనే కుర్చీలో కూర్చుని, ఎవరూ తోయకుండా ఎక్కి చూస్తాను. ఎక్కలేకపోతే మళ్లీ కట్టిస్తాను.

నీ తమ్ముడు