అమ్మి నొసటి మీది రెండు స్టిక్కర్లు

జడ్చర్ల,
14 జులై 2024, ఆదివారం.

చెల్లె నిషాత్‌కు,

తప్పు నీది. మీ దవాఖానది ఎంతో, ఆ దవాఖాన ఆపరేషన్ థియేటర్ల పదకొండేండ్ల సంది నర్సుగ నిలబడి నోరు మెదపని నీది గూడ అంతే. రోగి చేతిల ఇంగ్లీషు కాయితం పెట్టి, సంతకం తీస్కొని, ఇంటికి తోలుడు వైద్యం కాదని నీకు ఎరికే. ఎరికుండి ఊకున్నవ్.

ఇగ సలాం. అందరం మంచిగున్నమని ముందు రాసుడు రివాజు గనుక, ఉన్నంతల రాస్తున్న. నీ వదిన మెహరాజ్ మంచిగుంది. ఇల్లు మంచిగుంది. నేను బాగలేను, మన అమ్మి అసలే బాగలేదు. ఇరవై రోజుల సంది నువ్వు నా ఫోన్ ఎత్తుతలేవు. హైదరాబాదుకెళ్లి ఉత్తరం మాత్రం పంపినవ్, అందుల నాలుగు ప్రశ్నలు, మా స్కూల్ల ప్రశ్నాపత్రం లెక్క. తెలుగు పంతులుకే పరీక్ష పెట్టినవ్. రాస్త, విను.

ఒకటి, అమ్మి చూపు ఎట్లున్నదన్నవ్. ఎదురుంగున్నది కనబడ్తాంది, పక్కలు కనబడుతలేవు. ముక్కు ఎనుక, మెదడు కింద ఉన్న ఆ రేగుపండంత గడ్డ కండ్ల నరాలను ఒత్తుతాందని మీ పెద్ద డాక్టరమ్మ చెప్పింది గదా, ఆ ఒత్తుడు ఆగలేదు. సూదిల దారం ఎక్కిస్తది, తలుపుకు భుజం తాకించుకుంటది. మొన్న మెహరాజ్ పక్కన నిలబడి చాయ్ అందిస్తే, "ఏడున్నవే కోడలా, గోడలకెళ్లి మాట్లాడ్తున్నవా?" అన్నది. నవ్వుకుంటనే అన్నది. మెహరాజ్ మాత్రం వంటింట్లకు పోయి ముఖం కడుక్కొని వచ్చింది.

రెండు, గోలీలు. ఏసుకుంటాంది. నేనే లెక్కవెట్టి ఇస్తున్న.

మూడు, "పేపర్ల ఆ వ్యాసం రాయకపోతే నీకు పొద్దు గడవదా?" అన్నవ్. గడవది. ఇరవై ఐదేండ్ల సంది రాస్తున్న. భూముల మీద రాసిన, ఫార్మా కంపెనీల నీళ్ల మీద రాసిన, మసీదు కమిటీ మీద రాసిన. ఎవ్వనికీ భయపడలే. మీ నావిగేషన్ మిషన్‌కు భయపడ్తనా?

ఆ మిషన్ కథ నువ్వే నాకు చెప్పినవ్. తల కోసుడు లేదు, ముక్కులకెళ్లే సన్న గొట్టం పంపి గడ్డను తీస్తరు. లోపల చీకటి. గడ్డకు ఇరుపక్కల పెద్ద నెత్తురు నరాలు. అందుకని ముందుగాల నొసటి మీద, చెవుల ఎనుక ఎనిమిది స్టిక్కర్లు అంటిచ్చి స్కాన్ తీస్తరు. ఆపరేషన్ నాడు డాక్టరు ఒక పుల్లతోటి ఆ ఎనిమిదింటినీ ఒక్కొక్కటిగ ముట్టిస్తే, తెర మీది బొమ్మ, బల్ల మీది తల ఒక్కటైతయి. ఆన్నుంచి లోపల పనిముట్టు కొస ఏడున్నదో తెర చూపెడ్తది. సర్వేయరు హద్దురాళ్ల కాడికెళ్లి గొలుసు గుంజి పొలం కొలిచినట్టే. ఇంత మంచి చదువు మనిషి చేసిండంటే నాకూ గర్వమే. విజ్ఞానానికి నేను దుష్మన్‌ను కాదు. ఆ విజ్ఞానాన్ని మందికి చెప్పకుండ అల్మారల దాసుకునేటోళ్లకు దుష్మన్‌ను.

బక్రీదు అయిన మూడోరోజు, బేస్తారం నాడు స్కాన్ తీసిన్రు. మంచం ఖాళీ లేదు, శనివారం పొద్దుగాల రాండ్రని చెప్పి, నెత్తికి స్టిక్కర్లతోటే అమ్మిని బస్సెక్కిచ్చిన్రు. బస్సుల పక్క సీటామె, "ఏందమ్మా గివి, కొత్త ఫ్యాషనా?" అని అడిగింది. అమ్మి, "నా కొడుకు పంతులు, ఆని సదువు నా నొసటికెక్కింది" అన్నది. బస్సంత నవ్విన్రు.

శనివారం ఏమైంది? మత్తిచ్చి పండవెట్టినంక అర్ధగంటకు ఎస్తేరు బయటికొచ్చింది. నీ కింద పనిజేసే పిల్ల, మిషన్ నడిపే టెక్నీషియన్.

"సార్, పుల్ల నొసటి మీద పెడ్తే తెర మీద అది నొసటి బయట గాలిల చూపిస్తాంది. ఆరు స్టిక్కర్లు కలుస్తున్నయి, రెండు కలుస్తలేవు. ఇంట్ల ఎవరన్న కదిలిచ్చిన్రా?"

"మీ మిషన్ తప్పుకు మమ్ముల అడుగుతవా? ముసలామెను మత్తుల పండవెట్టి, లెక్క కుదరలేదని లేపుతరా?"

"తప్పు ఎవరిదైనా గానీ సార్, నెత్తురు నరం మాత్రం ఆడ్నే ఉంటది. వేలు మందం తేడా వస్తే అమ్మ మనకు దక్కది. జర గుర్తు చేసుకోండ్రి."

"నాకు గుర్తుకు లేనిదేం లేదు, పో లోపలికి!"

అంతమంది ముందట అన్న. ఆ పిల్ల కండ్లల్ల నీళ్లు తిరిగినయి, కానీ అమ్మిని క్షేమంగ లేపేదాక పక్కకెళ్లి కదలలేదు. అప్పుడే మళ్ల స్కాన్ తీద్దామంటే ఆ దినం జాగా లేదన్నరు. నేను ఇంటికొచ్చి వ్యాసం రాసిన. మిషన్‌కు కండ్లున్నయి, దవాఖానకు లేవని రాసిన. దాని మీద మీ దవాఖానల విచారణ పెట్టిన్రు. ఎస్తేరును థియేటర్లకెళ్లి తీసి స్టోర్ రూముల పత్తి లెక్కవెట్టుడుకు వేసిన్రు. విచారణ తెగేదాక అమ్మికి తారీకు ఇయ్యమన్నరు. ఇదీ మీ న్యాయం.

నాలుగోది. "స్టిక్కర్లు ఎవరన్న ముట్టిన్రా భాయ్? నిజం చెప్పు."

ఇగో చెప్తున్న. నేనే తీసిన.

శుక్రవారం మధ్యాహ్నం. అమ్మి నల్లా కాడ కూసున్నది. జుమ్మా నమాజు యాళ్లయితాంది. "రియాజ్, ముఖం మీద నీళ్లు తాకకుంటే నమాజుకు వజూ అయితదారా? రేపు బతుకుతనో సస్తనో. ఒక్క నమాజు సక్కగ చెయ్యనియ్యవా?" అన్నది. నేను నమాజు చదవనని ముప్పై ఏండ్ల సంది ఆమెతోటి కొట్లాడిన. ఏనాడన్న ఒక్క మాట గెలిచిన్నా? ఆ నాడు కొట్లాడ బుద్ధి కాలే. నొసటి మీది రెండు స్టిక్కర్లు గోరుతోటి మెల్లగ లేపి నా అరచేతిల పెట్టుకున్న. ఆమె ముఖం కడుక్కున్నది, నొసలు నేలకానిచ్చి సజ్దా చేసింది, లేసి నా తల మీద చెయ్యి పెట్టింది. నేను స్కూలు గోందు పూసి రెండూ మళ్ల అంటిచ్చిన, అందాజగ. గింతంత బిళ్లనే గదా, అటు గింత ఇటు గింత ఏం గాదనుకున్న.

మీ ఇంగ్లీషు కాయితం నా జేబులనే ఉన్నది. చదివిన గూడ. తీయొద్దని ఉన్నది. ఎందుకు తీయొద్దో లేదు. కారణం చెప్పని హుకుంను ఖాతరు చెయ్యొద్దని నేనే కదా జీవితమంత రాసింది.

ఇంక ఉన్నది. అది ఇంకా సిగ్గు. మన గోడ అవతలనే బాబా మియా ఉంటడు, మసీదుల అజా ఇచ్చేటాయన. మసీదు కమిటీ మీద నేను రాసిన సంది మాకు మాటల్లేవు, తొమ్మిదేండ్లు. నిరుడు ఈద్‌కు ఆయన షీర్ ఖుర్మా పంపితే నేను గిన్నె వాపసు పంపిన. ఆ శుక్రవారం ఆయన గొంతు గోడ మీదికెళ్లి ఇనబడ్తనే ఉన్నది. అడగొచ్చు. అడగలే. పోయిన వారం అమ్మిని చూడ వచ్చిండు. వజూ కోసం బిళ్లలు తీసిన సంగతి అమ్మి చెప్పింది. ఆయన నా దిక్కు చూసిండు.

"అరే పంతులూ, రోగమున్నోళ్లకు మన ఇస్లాంల రాయితీ ఉన్నది. పట్టీ మీద తడిచెయ్యి తుడిస్తే చాలు. నీళ్లు తగలొద్దంటే మట్టి తోటి తయమ్ముం చెయ్యొచ్చు. దునియాకంత సవాల్ చేస్తవ్, నన్ను ఒక్క సవాల్ అడగలేకపోయినవా?"

నా చేతితోటే ఆయనకు చాయ్ ఇచ్చిన, నిషాత్. తొమ్మిదేండ్లల్ల మొదటిసారి.

హద్దురాయి జరిపినోళ్లను నేను పేపర్ల ఎంతమందిని ఉతికిన! నా చేతితోటి నేనే జరిపిన, మన అమ్మి నొసటి మీద. ఆమెను కాపాడింది ఎస్తేరు. ఆ పిల్ల కండ్లు మూసుకొని సరే కానియ్యుమని అంటే, నేను ఈ ఉత్తరం వేరే తీరుగ రాసేటోన్ని. అసొంటి పిల్లను నేను బజాట్ల పెట్టిన.

కానీ విను, నా తప్పు బయటపడ్డది గనుక మీ తప్పు మాసిపోదు. నేను బియ్యే బీయెడ్డు చదివినోన్ని, నాకే కారణం తెల్వక బిళ్ల పీకిన. రామన్నపేట కాడికెళ్లి, తిరుమలగిరి కాడికెళ్లి వచ్చే మంది సంగతేంది? ఒకామె తలకు నూనె పెట్టుకుంటది, ఒకాయన విభూతి రాస్తడు, ఒకామె బొట్టు మార్చుకుంటది. నొసలంటే మనకు ఖాళీ జాగా కాదు, దాని మీద పొద్దుకు పది పనులున్నయి. ఆ సంగతి మిషన్‌కు తెల్వకున్నా, ఈ నేల మీద పుట్టిన నీకు తెలుసు. అయినా ఒక్క మాట అడగలేదు. అందుకే మొదటి మాట మార్చుకుంటలేను. తప్పు నీది గూడ.

అమ్మికి నేను నిన్న చెప్పేసిన, ఆపరేషన్ మిషన్ వల్ల కాదు, నావల్ల ఆగిందని. "నాకు ఎరికే, గోందు వాసన వచ్చింది" అన్నది. మరి నాతోటి ఇన్నాళ్లు ఎందుకు అనలేదంటే, "నువ్వెప్పుడు చెప్తవో చూద్దామని" అన్నది.

ఇగ నా డిమాండ్లు. అటు ఇటు చెయ్యకు.

ఒకటి. ఈ ఉత్తరం జిరాక్సు తీసి మీ పెద్ద డాక్టరమ్మకు, విచారణ కమిటీకి ఇయ్యి. స్టిక్కర్లు తీసినోని పేరు కాడ నా పేరు రాయమను.
రెండు. ఎస్తేరును ఈ ఉత్తరం అందిన నాటి నుంచే థియేటర్లకు తీసుకోవాలె. నేను పేపర్ల తప్పు ఒప్పుకుంట రాసిన, ఈ వారం అచ్చవుతది. ఆమె ముందట నిలబడి చెప్పుడు వేరే, వచ్చి చెప్త.
మూడు. కాయితం తెలుగుల, ఉర్దూల, పెద్ద అక్షరాలల్ల ఉండాలె. తీయొద్దన్న కాడ ఎందుకు తీయొద్దో ఉండాలె. చదవరానోళ్లకు నోటితోటి చెప్పాలె.
నాలుగు. వజూ చేస్తరా, తలస్నానం చేస్తరా, నూనె పెడ్తరా, ముందుగాలే అడగాలె.
ఐదు. ప్రతి స్టిక్కరు చుట్టూ చెరగని పెన్నుతోటి గీత గియ్యాలె. ఊడితే పట్టుబడాలె.
ఆరు. స్టిక్కర్లు పెట్టినోళ్లను ఇంటికి పంపొద్దు. మంచం ఇయ్యాలె.
ఏడు. ఈ నెల దాటకుండ అమ్మికి తారీకు. ఈసారి ఆమె నొసటి జోలికి నేను పోను, బాబా మియా బస్సుల మాతోటే వస్తనన్నడు.
ఎనిమిది. ఫోన్ ఎత్తు.

ఇట్లు,
గోందు చేతుల
నీ భాయ్,
రియాజ్